స్పీడ్ బాగానే ఉంది, మాట తెగుతోంది

జగ్గయ్యపేట, నందిగామల్లో నెట్ మీద ఇప్పుడు వినిపించే ఫిర్యాదు పదేళ్ల కిందటిది కాదు. అప్పట్లో "నెట్ రావట్లేదు" అనేవారు. ఇప్పుడు నెట్ వస్తుంది. ఫోనులో స్పీడ్ టెస్ట్ పెడితే ముల్లు తొంభై దాటుతుంది. అయినా డల్లాస్‌లో ఉన్న కొడుకు వీడియో కాల్‌లో మాట్లాడుతూ మాట్లాడుతూ బొమ్మలా ఆగిపోతాడు. ఇంటి నుంచి హైదరాబాదు కంపెనీకి పనిచేసే అమ్మాయి మీటింగు మొదలైన దగ్గర నుంచి "మీ వాయిస్ కట్ అవుతోంది" అన్న మాటే వింటుంది. మీసేవ కేంద్రంలో దరఖాస్తు చివరి పేజీ దాకా వెళ్లి అక్కడ తిరుగుతూ ఉంటుంది, వెనక నిలబడ్డవాళ్లు విసుక్కుంటారు. కేబుల్ ఆపరేటరుకు ఫోన్ చేస్తే కుర్రాడు వస్తాడు, తన ఫోనులో స్పీడ్ టెస్ట్ పెట్టి చూపిస్తాడు, "స్పీడ్ ఫుల్‌గా వస్తోంది కదండీ" అని వెళ్లిపోతాడు.

అతను చెప్పింది నిజమే. ఇంటివాళ్లు చెప్పిందీ నిజమే. కొలవాల్సింది మాత్రం స్పీడ్ కాదు, ప్యాకెట్ లాస్.

నెట్‌లో వెళ్లేది ఫొటో అయినా, మాట అయినా, బ్యాంకు లావాదేవీ అయినా ముక్కలుగానే వెళ్తుంది. ఆ ముక్కే ప్యాకెట్, అది దారిలో పోవడమే ప్యాకెట్ లాస్. మామూలు లైన్ల మీద ఒక్కొక్కటి మహా అయితే 1,500 బైట్లు. సమాచారాన్ని ఇలా ముక్కలు చేసి పంపవచ్చని 1960ల్లో అమెరికాలో పాల్ బారన్, బ్రిటన్‌లో డొనాల్డ్ డేవిస్ ఎవరికి వారుగా ఆలోచించారు. దారిలో ముక్క పోతే ఏం చేయాలన్నదానికి 1974లో వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ ఒక పద్ధతి రాశారు. అదే టీసీపీ. నందిగామ రైతు మిర్చి టిక్కీలకు వరసగా నంబర్లు వేసి, వేర్వేరు లారీల్లో గుంటూరు యార్డుకు పంపాడనుకుందాం. అక్కడ దించుకునేవాడు నంబర్లు సరిచూసి "ఇరవై మూడోది అందలేదు" అంటే రైతు దాని బదులు మరొకటి పంపుతాడు. టీసీపీ చేసేది ఇదే. అందుకే ప్యాకెట్లు పోతున్నా ఫొటో చివరికి పూర్తిగానే దిగుతుంది, కాకపోతే ఆలస్యంగా.

మాటకు ఆ వెసులుబాటు లేదు. వాయిస్ కాల్‌లో సాధారణంగా ఒక్కో ప్యాకెట్‌లో 20 మిల్లీసెకన్ల మాట ఉంటుంది. అంటే సెకనుకు యాభై ప్యాకెట్లు. నూటికి రెండు పోతే సెకనుకొకటి పోయినట్టు. పోయినదాన్ని మళ్లీ పంపినా అది చేరేసరికి మాట ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. ఒకటీ అరా పోతే ఆ ఖాళీని యాప్ ఏదోలా పూడుస్తుంది. వరసగా పదో పదిహేనో పోతే అక్షరాలే ఎగిరిపోతాయి.

మరి స్పీడ్ టెస్టుకు ఇది ఎందుకు దొరకదు? దీని వెనక ఒక లెక్క ఉంది. 1997లో మాథ్యూ మాథిస్, ఆయన సహచరులు ఒక సూత్రం ప్రకటించారు. ఒక టీసీపీ కనెక్షన్‌కు దక్కే వేగం రెండింటి మీద ఆధారపడుతుంది: ప్యాకెట్ వెళ్లి జవాబు రావడానికి పట్టే సమయం, దారిలో పోయే ప్యాకెట్ల వాటా. నూటికి ఒక ప్యాకెట్ పోతోందనుకుందాం. జవాబు 10 మిల్లీసెకన్లలో వచ్చే దగ్గరి సర్వరుతో ఆ సూత్రం ప్రకారం సుమారు 14 మెగాబిట్ల వేగం దక్కుతుంది. జవాబుకు 250 మిల్లీసెకన్లు పట్టే అమెరికా సర్వరుతో, అదే ఒక్క శాతం లాస్‌కు, దక్కేది అర మెగాబిట్టుకు కాస్త పైన. తర్వాత వచ్చిన పద్ధతులు, ముఖ్యంగా 2016లో గూగుల్ ప్రకటించిన బీబీఆర్, లాస్‌ను ఇంతకంటే బాగా తట్టుకుంటాయి. అయినా దూరం పెరిగేకొద్దీ లాస్ దెబ్బ పెరుగుతుందన్న విషయం చాలా కనెక్షన్లలో ఇప్పటికీ కనిపిస్తుంది. స్పీడ్ టెస్ట్ యాప్ ఏం చేస్తుంది? ఉన్నవాటిలో దగ్గరి సర్వరును ఎంచుకుంటుంది, దానికి ఒకేసారి అనేక కనెక్షన్లు తెరుస్తుంది. లాస్ బయటపడకుండా ఉండటానికి ఇంతకంటే అనువైన పరిస్థితి లేదు. అందుకే స్పీడ్ టెస్ట్ తొంభై చూపించే లైన్ మీదే అమెరికా ఆఫీసు వీపీఎన్ ప్రాణం తీస్తుంది.

ప్యాకెట్ లాస్‌ను కొలిచే పనిముట్టు ప్రతి కంప్యూటర్లోనూ ఉచితంగా ఉంది. పేరు పింగ్. అమెరికా సైనిక పరిశోధనాలయంలో పనిచేసిన మైక్ మూస్ 1983 డిసెంబరులో రాసిన చిన్న ప్రోగ్రామ్ ఇది. అవతలి యంత్రానికి చిన్న ప్యాకెట్ పంపుతుంది, జవాబు వచ్చిందా, ఎంతసేపటికి వచ్చిందని చెబుతుంది. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ కొడితే నాలుగే ప్యాకెట్లు పంపి ఊరుకుంటుంది. నాలుగింటితో ఏమీ తేలదు. మైనస్ గుర్తు, ఎన్ అక్షరం, ఆ పక్కన 500 అని చేర్చి కొట్టాలి. ఎనిమిది తొమ్మిది నిమిషాల్లో చివర లాస్ శాతం వస్తుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. లైన్ అసలే తెగినప్పుడు విండోస్ ఒక్కోసారి "గమ్యం చేరలేం" అన్న సందేశాన్ని కూడా జవాబు కిందే లెక్కేసి సున్నా శాతం లాస్ అని చూపిస్తుంది. అందుకని చివరి అంకె ఒక్కటే కాక మధ్య వరసలు కూడా చదవాలి.

అసలు కిటుకు పింగ్ ఎక్కడికి కొడుతున్నామన్నదాంట్లో ఉంది. కంప్యూటరు నుంచి ప్రపంచం దాకా ఉన్న దారిని ముక్కలుగా విడదీసి, ఇంటి లోపలి నుంచి బయటికి ఒక్కొక్క ముక్కనే పరీక్షించుకుంటూ పోవాలి. మొదట ఇంట్లోని రూటరుకే పింగ్ కొట్టాలి. దాని అడ్రసు చాలా ఇళ్లలో 192.168.1.1 లేదా 192.168.0.1. రూటరు పది అడుగుల దూరంలో ఉంటుంది కాబట్టి అక్కడికి ఒక్క ప్యాకెట్ కూడా పోకూడదు. పోయిందంటే తప్పు ఇంట్లోనే ఉంది, ఆపరేటరుకు సంబంధం లేదు. చాలామంది ఈ మొదటి మెట్టు దాటేసి నేరుగా కంపెనీని తిట్టడం మొదలుపెడతారు. వచ్చిన కుర్రాడు కూడా ఈ పరీక్ష చేయడు. ఇద్దరి సమయమూ ఇక్కడే వృథా అవుతోంది.

రూటరుకే ప్యాకెట్లు పోతుంటే అనుమానించాల్సింది వైఫైని. ల్యాప్‌టాప్‌ను వైరుతో రూటరుకు కలిపి అదే పరీక్ష మళ్లీ చేస్తే, లాస్ మాయమైతే, దోషం గాలిలో ఉన్నట్టే. పాత రూటర్లన్నీ వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదానితో ఒకటి తగలకుండా ఉండే ఛానెళ్లు మూడే: 1, 6, 11. గోడకు గోడ ఆనుకుని కొట్లున్న బజారులో ప్రతి కొట్టులోనూ ఒక రూటరు ఉంటే అందరూ ఆ మూడింటి మీదే పడతారు. మైక్రోవేవ్ ఓవెన్, బ్లూటూత్ కూడా ఆ బ్యాండ్‌లోనే ఉన్నాయి. ఐదు గిగాహెర్ట్జ్‌కు మారితే ఈ రద్దీ తప్పుతుంది, కానీ ఆ తరంగం గోడలను అంత బాగా దాటలేదు. కింద గదిలో రూటరు, పై అంతస్తులో పిల్లల చదువు, మధ్యలో ఇనుప చువ్వల కాంక్రీటు స్లాబు అంటే ఏ బ్యాండ్ అయినా నీరసపడుతుంది. ఫోనులో వైఫై అనలైజర్ యాప్ పెట్టి చూస్తే సిగ్నల్ అంకె మైనస్ 67 దగ్గర ఉన్నంతవరకు మాట బాగుంటుంది, మైనస్ 80కి దిగితే కాల్ మీద ఆశ వదులుకోవచ్చు. మందు పెద్ద ఖర్చేమీ కాదు. రూటరును టీవీ వెనక నుంచి, చెక్క బీరువాలో నుంచి తీసి ఎత్తుగా, గాలి ఆడేచోట పెట్టడం, పనిచేసే గదికి ఒక వైరు లాగడం, ఛానెల్ మార్చడం.

గాలి ఆడేచోట అన్న మాట ఈ ప్రాంతానికి ఊరికే చెప్పింది కాదు. ఈ రెండు ఊళ్లూ ఉన్న పశ్చిమ కృష్ణా మెట్టలో మే నెల ఎండ 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అలమరలో మూసిపెట్టిన రూటరు ఆ వేడికి మధ్యాహ్నం తడబడి, రాత్రికి కుదుటపడుతుంది. ఓల్టేజీ హెచ్చుతగ్గులకు అరిగిపోయిన అడాప్టరు కూడా ఇలాంటి వేషాలే వేస్తుంది. లైటు వెలుగుతూనే ఉంటుంది, రూటరు మాత్రం తనంతట తాను రీస్టార్ట్ అవుతుంది.

వైరుతో కూడా లాస్ కనిపిస్తే చూడాల్సింది ఆ వైరునే. ఆఫీసుల్లో ఇది మరీ ఎక్కువ. ల్యాన్ కేబుల్లో ఎనిమిది తీగలు, నాలుగు జతలు. కుర్చీ చక్రం కింద నలిగి ఒక తీగ సగం తెగితే కనెక్షన్ ఉన్నట్టే ఉంటుంది, ప్యాకెట్లు మాత్రం రాలిపోతాయి. రాగి అని చెప్పి అల్యూమినియం మీద రాగి పూత పూసిన కేబుల్ అమ్మేవాళ్లున్నారు. దూరం పెరిగితే అది నిలబడదు. అసలు రాగిదైనా వంద మీటర్లే హద్దు. అనుమానమున్న కేబుల్ తీసేసి మంచిదొకటి పెట్టి పింగ్ కొట్టడం ఐదు నిమిషాల పని.

రూటరు దాకా లాస్ సున్నా అని తేలాక బయటికి రావాలి. జగ్గయ్యపేట ఇంటికి వచ్చే లైన్ ఇప్పుడు చాలావరకు గాజు పోగు, అంటే ఫైబరు. ఆంధ్రప్రదేశ్‌లో ఇది ఊళ్లలోకి వేగంగా రావడానికి కరెంటు స్తంభాలే దారి చూపాయి. 2015లో ఏర్పడిన రాష్ట్ర ఫైబర్‌నెట్ సంస్థ భూమిలో కందకాలు తవ్వకుండా విద్యుత్ స్తంభాల మీదుగా కేబుల్ లాగింది. నెలకు 149 రూపాయలకు 15 మెగాబిట్ల నెట్, టీవీ, ఫోను అన్న ఆ పథకాన్ని 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ జాతికి అంకితం చేశారు. గాజుకు కరెంటు సోకదు కాబట్టి విద్యుత్ తీగల పక్కనే వేలాడదీయవచ్చు. తవ్వకం ఖర్చు మిగిలింది, పని త్వరగా అయింది. ఆ నిర్ణయం సరైనదే. కానీ స్తంభం మీద ఉన్న కేబుల్ ఎండకు, గాలివానకు, ఎత్తుగా లోడు వేసిన లారీకి, కొమ్మలు నరికే కత్తికి అందుబాటులో ఉంటుంది. కోతులను కూడా తేలిగ్గా తీసుకోకూడదు. 2015లో వారణాసిలో గంగ ఒడ్డున వేసిన ఫైబరును కోతులు కొరికేస్తున్నాయని వార్తలు వచ్చాయి.

ఫైబరు పూర్తిగా తెగితే అందరికీ తెలుస్తుంది. ఇంట్లో ఫైబరు వచ్చి చేరే పెట్టె మీద ఎల్‌ఓఎస్ అన్న ఎర్ర లైటు వెలుగుతుంది, నెట్ ఉండదు. చిక్కంతా సగం చెడినప్పుడే. గాజు పోగులో వెలుతురు నడిచే మధ్యభాగం వెడల్పు 9 మైక్రాన్లు, అంటే వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నం. కనెక్టరు మూతి మీద ఒక్క ధూళి కణం పడినా వెలుతురులో కొంత ఆగిపోతుంది. కిటికీ అంచు దగ్గర తీగను గట్టిగా మడిచి మేకు కొడితే ఆ మలుపులో కొంత కారిపోతుంది. జాయింట్ పెట్టెలోకి వాననీరు దిగితే ఇంకొంత. ఆపరేటరు దగ్గర బయల్దేరిన ఒక్క వెలుగును దారిలో స్ప్లిటర్లు ఎనిమిదిగానో ముప్పై రెండుగానో పంచుతాయి కాబట్టి ఇంటికి చేరేదే కొంచెం. దాన్ని డీబీఎం అనే కొలతలో చెబుతారు. ఆ కొలత మూడు తగ్గితే వెలుతురు సగమైనట్టు. ఎక్కువగా వాడే జీపాన్ రకం ఫైబరు లైన్లలో మైనస్ 27 ఇంటి పెట్టెకు ఆఖరి హద్దు. మైనస్ 20 ఉంటే నిశ్చింత. మైనస్ 26, 27 దగ్గర ఊగిసలాడుతుంటే ఎర్ర లైటు వెలగదు, స్పీడ్ టెస్ట్ ఒక్కోసారి బాగానే వస్తుంది, ప్యాకెట్లు మాత్రం గుప్పెళ్లు గుప్పెళ్లుగా పోతాయి. వాన పడ్డ రోజు మరీ ఎక్కువ. ఈ అంకె చాలా పెట్టెల సెట్టింగుల పేజీలో ఆర్‌ఎక్స్ పవర్ అన్న పేరుతో కనిపిస్తుంది. ఆపరేటరు కుర్రాడి దగ్గరుండే పవర్ మీటరు కూడా అదే చెబుతుంది. స్పీడ్ టెస్టు బదులు అతను చూపించాల్సింది దీన్ని. అన్నట్టు, ఊడిన ఫైబరు కొసలోకి ఎవరూ తొంగిచూడకూడదు. అందులోంచి వచ్చే వెలుతురు కంటికి కనిపించదు, కంటికి హాని చేయగలదు.

వెలుతురు బాగుండి, పగలు బాగుండి, రాత్రి ఎనిమిది నుంచి పదకొండు మధ్య మాత్రమే లాస్ వస్తుంటే అది రద్దీ. రద్దీ కథ 1986 అక్టోబరులోకి వెళ్తుంది. కాలిఫోర్నియాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, నాలుగు వందల గజాల దూరంలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. తీగ తెగలేదు, యంత్రం చెడలేదు. రద్దీలో ప్యాకెట్లు పోయాయి. పోయాయని ప్రతి యంత్రమూ మళ్లీ మళ్లీ పంపింది, పంపేకొద్దీ రద్దీ పెరిగింది. వాన్ జాకబ్‌సన్ దీనికి మందు కనిపెట్టి 1988లో ప్రచురించాడు: ప్యాకెట్ పోతే దాన్ని రద్దీకి గుర్తుగా తీసుకుని పంపే వేగం తగ్గించాలి. నేటికీ ఇంటర్నెట్ నడుస్తున్నది ఆ మర్యాద మీదే. కాబట్టి లైన్ నిండా వాడుతున్నప్పుడు కొద్దిపాటి లాస్ తప్పు కాదు. ఖాళీగా ఉన్నప్పుడు లాస్ ఉంటేనే జబ్బు.

ఈ తేడా చిన్న ఆఫీసులకు చాలా ముఖ్యం. కొట్లో నాలుగు సీసీ కెమెరాలు రోజంతా క్లౌడ్‌కు వీడియో ఎక్కిస్తుంటాయి, సిబ్బంది ఫోన్లు ఫొటోలు బ్యాకప్ చేస్తుంటాయి. అప్‌లోడ్ తక్కువ ఇచ్చే ప్లాన్ అయితే ఆ దారి నిండిపోతుంది, జీఎస్‌టీ రిటర్న్ దాఖలు మధ్యలో ఆగిపోతుంది. కెమెరాల ప్లగ్గు తీసి పింగ్ కొడితే నిమిషంలో తేలిపోతుంది. రూటరులో క్యూఓఎస్ అన్న సదుపాయంతో అప్‌లోడ్‌ను లైన్ సామర్థ్యానికి పది పదిహేను శాతం తక్కువగా కట్టడి చేస్తే చాలావరకు కుదుటపడుతుంది. ఇంతదానికి పెద్ద ప్లాన్ కొనక్కర్లేదు.

ఊరు దాటాక దారి చూపించే ప్రోగ్రామ్ ట్రేస్‌రూట్. అదీ వాన్ జాకబ్‌సన్ రాసిందే. ప్యాకెట్ ఏయే రూటర్ల మీదుగా వెళ్తోందో వరసగా చూపిస్తుంది. దీన్ని చదవడంలో కాస్త తెలిసినవాళ్లు కూడా పొరపడతారు. మధ్యలో ఐదో వరసలో లాస్ కనిపించి, చివరి గమ్యానికి సున్నా ఉంటే అక్కడ దోషమేమీ లేదు. ఆ రూటరు తన మీదుగా వెళ్లే ప్యాకెట్లను పంపిస్తూనే, తనను పలకరించే పింగ్‌లకు తీరిక ఉన్నప్పుడే జవాబిస్తుంది. ఐదో వరసలో మొదలైన లాస్ ఆరు, ఏడు, ఎనిమిది దాటి గమ్యం దాకా కొనసాగితేనే అది నిజమైన లాస్.

ఊరి బయటి దారికి ఈ మెట్టలో ప్రత్యేకమైన కష్టం ఉంది. హైదరాబాదు వైపు పాలేరు, విజయవాడ వైపు మున్నేరు. 2024 సెప్టెంబరు 1న వరదకు జగ్గయ్యపేట అవతల గరికపాడు దగ్గర పాలేరు వంతెన దెబ్బతింది, నందిగామ అవతల ఐతవరం దగ్గర మున్నేరు నీళ్లు 65వ నంబరు జాతీయ రహదారి మీదికి వచ్చాయి. వాహనాలు రెండు వైపులా ఆగిపోయాయి. 2023 జులైలోనూ ఐతవరం దగ్గర రహదారి ఇలాగే మునిగింది. దేశంలో సుదూర ఫైబర్లు చాలావరకు రహదారుల వెంటే, వంతెనల పక్కనే నడుస్తాయి. కట్ట కోసుకుపోతే కేబులూ పోతుంది. అప్పుడు ప్యాకెట్లు చుట్టుదారి పడతాయి. పింగ్ సమయం ఒక్కసారిగా రెండింతలో మూడింతలో అయితే అది చుట్టుదారికి గుర్తు. ఆ రోజున రూటరు రీసెట్ చేసుకుంటూ కూర్చుని లాభం లేదు. వరద లేని రోజుల్లో ఈ పని తవ్వకాలు చేస్తాయి. దేశంలో ఏటా దాదాపు పది లక్షల చోట్ల ఫైబరు తెగుతోందని, నష్టం మూడు వేల కోట్ల రూపాయలని కేంద్ర ప్రభుత్వమే చెప్పింది. తవ్వే ముందు కింద ఏ తీగలున్నాయో అడగమంటూ 2023 మార్చిలో "కాల్ బిఫోర్ యూ డిగ్" యాప్‌ను తెచ్చింది. పంచాయతీ గుత్తేదారుల ఫోన్లలోకి అది చేరితేనే ఉపయోగం.

ప్యాకెట్ లాస్ ఒక శాతం లోపే ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006లోనే బ్రాడ్‌బ్యాండ్ నాణ్యతా నిబంధనల్లో రాసింది. అంటే ఇది కంపెనీ దయ కాదు, వినియోగదారుడి హక్కు. కానీ "నెట్ సరిగా లేదు" అన్న ఫిర్యాదు ఎక్కడా నిలబడదు. వైఫై లేకుండా వైరు మీద, ఇంట్లో ఇంకేమీ వాడనప్పుడు, రూటరుకు ఒకటి, బయట 8.8.8.8 లాంటి అడ్రసుకు ఒకటి, రెండు కమాండ్ ప్రాంప్ట్ విండోల్లో ఒకేసారి పింగ్ పెట్టి, మూడు నాలుగు రోజులు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి వచ్చిన అంకెలు తేదీ, టైముతో రాసుకోండి. పక్కనే ఆర్‌ఎక్స్ పవర్ కూడా రాయండి. ఆ కాగితం ఫొటో తీసి ఆపరేటరుకు పంపి, ఫిర్యాదు నంబరు అడిగి తీసుకోండి. పరిష్కారం కాకపోతే అదే నంబరుతో కంపెనీ అప్పిలేట్ అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. స్పీడ్ టెస్ట్ చూపించి వెళ్లబోయే కుర్రాడిని మాత్రం, కోప్పడకుండా, "బాబూ, ఒక్కసారి పవర్ మీటరు పెట్టి అంకె చెప్పు" అని అడగండి.